ముప్పావు చుట్టు

“బండి ఆగిపోలేదు హైమా. నువ్వు ఆపేశావు.”

“నేనెందుకు ఆపుతానండీ? గేటు పడింది. న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను. దానంతటదే ఆగింది.”

“మరి నా చేతిలో ఎందుకాగట్లేదు?”

“అదే నేనూ అడుగుతున్నాను.”

“గేటు కాడ అంతసేపు నిలబెడితే దానికి మాత్రం విసుగు రాదేంటి,” అంది అచ్చాయమ్మ గారు, వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. ఆవిడ కొడుకు తరఫున మాట్లాడుతోందో, కోడలి తరఫున మాట్లాడుతోందో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తేల్చుకోలేకపోయారు.

“వెనక లారీ అతను దిగి వచ్చాడండీ,” అంది హైమావతి గారు గొంతు తగ్గించి. “మీవారిని పంపకపోయారా మేడం అన్నాడు. అందరి ముందూ.”

“అతనన్నదాంట్లో తప్పేముంది?” అన్నాడు త్రిమూర్తులు గారు. ఆ మాట చాలా నెమ్మదిగా, జాలిగా అన్నాడు. అప్పటికి ఆ వాదన మొదలై తొమ్మిది రోజులైంది. రోజుకో రకంగా మొదలై, రోజూ అక్కడికే వచ్చి ఆగుతోంది.

వాళ్ళు మాట్లాడుకుంటున్న ఆ బండిని నేనే. తాడేపల్లిగూడెంలో ఒక ఇంటి పోర్టికోలో, ఒక పక్క నీళ్ళ మోటారు, ఇంకో పక్క చెప్పుల స్టాండు, వాటి మధ్య ఇరుక్కుని నిలబడ్డ తెల్లకారుని. పద్దెనిమిదేళ్ళదాన్ని. కార్బరేటర్ ఉన్న కాలందాన్ని కాబట్టి ఇప్పటి పిల్లలు నా బానెట్ తెరిస్తే, తాతల నాటి ట్రంకుపెట్టె తెరిచినట్టు చూస్తారు.

నేను పుట్టింది ఉత్తరాదిన ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో. అదే రోజున నాలాంటివి వందల్లో పుట్టాయి. పుట్టిన రోజే మాకు పరీక్ష. ఒకతను నా తలుపు తీసి, సీటులో కూర్చోకుండానే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పాడు. తర్వాత బయట నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. ఎవరి కాలూ లేకుండా నా అంతట నేను నిలకడగా తిరుగుతున్నానా లేదా అని. తిరిగాను. కాగితం మీద టిక్కు పెట్టి పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. మెకానిక్కులు దాన్ని ఐడిలింగ్ అంటారు. తొక్కితే ఏ బండైనా పరిగెడుతుంది. ఎవరూ తొక్కనప్పుడు ఆగిపోకుండా ఉండగలగడం, దాంట్లోనే మా ఆరోగ్యమంతా ఉంది.

నా మొదటి యజమాని ఏలూరులో హోమియో డాక్టరు. కొత్త సీట్లు పాడవుతాయని వాటి ప్లాస్టిక్ తొడుగులు తొమ్మిదేళ్ళు విప్పలేదు. తీరా ఆయన విప్పిన ఏడాదే నన్ను అమ్మేశాడు. ఆ మెత్తటి సీట్ల సుఖం వేరేవాళ్ళు అనుభవించారు. రెండో ఆయనకు నిడదవోలులో బట్టల కొట్టు, ముగ్గురు కొడుకులు. ముగ్గురూ నా మీదే డ్రైవింగు నేర్చుకుని, ముగ్గురూ కొత్త బండ్లు కొనుక్కున్నారు. నన్ను బేరానికి పెట్టాక వచ్చిన ప్రతివాడూ నా టైరును ఒక తన్ను తన్ని చూశాడు. ఎందుకు తన్నుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తన్నితే ఏం తెలుస్తుంది?

త్రిమూర్తులు గారు తన్నలేదు. బానెట్ ఎత్తించి, నా ఇంజను మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. “బాగుంది,” అన్నాడు. ఆ ఒక్కమాటకి నేను ఆయనదాన్ని అయిపోయాను.

ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక టెస్టర్ ఉంటుంది, కరెంటు ఉందో లేదో చూసే చిన్న స్క్రూడ్రైవరు. ఇంట్లో వదులైన ప్రతిదాన్నీ దాంతోనే బిగిస్తాడు. ఆదివారం పొద్దున్న బకెట్టు నీళ్ళు, పాత పంచె ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడు. కడిగి, తుడిచి, ఆయిలు చూసి, బ్యాటరీలో నీళ్ళు చూసి, చివర్న బానెట్ మీద రెండుసార్లు తట్టేవాడు. అయిదేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. ఆ ఇంట్లో ఇంకెవరినీ ఆయన అలా తట్టగా నేను చూడలేదు.

హైమావతి గారికి డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే. ఆవిడ ఊళ్ళో హైస్కూల్లో లెక్కల టీచరు. కిందటి వేసవిలో రోజూ పొద్దున్నే మమ్మల్నిద్దరినీ పాత విమానాల రన్‌వే మీదికి తీసుకెళ్ళేవాడు. గూడెంలో డ్రైవింగు నేర్చుకునేవాళ్ళందరూ అక్కడికే వస్తారు. ఎప్పుడో యుద్ధం రోజుల్లో వేసిన సిమెంటు దారి, ఎంత దూరం పోయినా ఎవరికీ తగలదు. డిగ్రీ చదివే కూతురు ప్రత్యూష వెనక సీట్లో కూర్చుని, “అమ్మా, ఇంకొంచెం స్పీడైతే లేచిపోతాం,” అని నవ్వేది.

ఆయన నేర్పిన పాఠాల్లో అన్నిటికన్నా గట్టిది చోక్ గురించి. స్టీరింగు పక్కన ఎడమచేతి వైపు ఒక నల్లటి నాబ్ ఉంటుంది. చలికి ఇంజను అందుకోనప్పుడు దాన్ని లాగి స్టార్ట్ చెయ్యాలి. వేడెక్కగానే లోపలికి నొక్కెయ్యాలి. “లాగి నడిపావంటే పెట్రోలు తాగేస్తుంది, ఇంజను పాడైపోతుంది. ఎట్టి పరిస్థితిలోనూ లాగి నడపకు,” అని రోజూ చెప్పేవాడు. ఆవిడ మంచి విద్యార్థిని. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. వేసవి అయ్యేసరికి లైసెన్సు వచ్చింది. ఆదివారాలు మార్కెట్టుకి, అప్పుడప్పుడు తణుకులో చెల్లెలి ఇంటికి, ఆవిడే నడిపేది. పక్కన కూర్చుని ఆయన మురిసిపోయేవాడు. అది సరదాగా ఉన్నన్నాళ్ళూ ఆయనకు ఏ ఇబ్బందీ లేదు.

తర్వాత ఆర్డరు వచ్చింది. హైమావతి గారికి ప్రమోషను. పెదచింతపర్రు హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్. గూడేనికి ఇరవయ్యారు కిలోమీటర్లు. బస్సు ఉంది గానీ అది బడి మొదలయ్యాక గంటకి చేరుతుంది. పదిహేను రోజుల్లో జాయినవ్వాలి. లేదంటే వద్దని రాసివ్వాలి. వద్దని రాసిస్తే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, ఆవిడకి నలభై తొమ్మిదేళ్ళు. “బండి ఉందిగా, నేను వెళ్ళొచ్చేస్తాను,” అంది ఆవిడ. ఆ మాట అన్నప్పుడు నావైపు చూసింది. అంత పెద్ద పనికి నన్ను నమ్ముకున్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఆ ఆదివారం త్రిమూర్తులు గారు నన్ను కడుగుతుంటే ఎదురింటాయన గేటు మీద చేతులానించి నిలబడ్డాడు.

“ఇంకేంటండీ త్రిమూర్తులు గారూ. హెడ్‌మిస్ట్రెస్ అంటే గెజిటెడ్ కదా. అటెస్టేషన్‌కి ఇక మీరు గడప దిగక్కర్లేదు. ఆకుపచ్చ సంతకం ఇంట్లోనే.”

“అవునవును,” అని నవ్వాడు ఆయన.

“మీరెప్పుడు మరి, ఆకుపచ్చ పెన్ను?”

“మాకెక్కడండీ. నీలం సిరాతోనే రిటైర్మెంటు,” అని మళ్ళీ నవ్వాడు.

ఎదురింటాయన వెళ్ళిపోయాడు. ఆయన గుడ్డ పిండి, ఆరేసి, చుట్టూ చూశాడు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆకుపచ్చ సంతకాల కోసం ఎన్ని గదుల బయట నిలబడి ఉంటాడో నాకు తెలియదు. ఆ నవ్వు మాత్రం మూతి దగ్గరే ఆగిపోవడం చూశాను. బానెట్ ఎత్తాడు. ఆయిలు చూడలేదు. బ్యాటరీ చూడలేదు. జేబులోంచి టెస్టర్ తీసి, కార్బరేటర్ పక్కనున్న చిన్న స్క్రూ మీద పెట్టాడు. నేను ఎవరూ తొక్కకుండా ఎంత వేగంతో తిరగాలో చెప్పే స్క్రూ అది.

నెమ్మదిగా వెనక్కి తిప్పాడు. ముప్పావు చుట్టు.

తర్వాత ఎప్పటిలాగే బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. “పదిహేను రోజులు ఓర్చుకో,” అన్నాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు. మర్నాడు హైమావతి గారు నన్ను తీసుకుని స్కూలుకి బయల్దేరింది. పోలీసు ఐలాండు కూడలి దగ్గర ఆవిడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే నాకు ఊపిరి అందలేదు. రెండు వణుకులు వణికి ఆగిపోయాను. స్టార్ట్ చేసింది. మళ్ళీ ఆగాను. వెనక హారన్లు. ఆవిడ మెడ మీద చెమట పట్టింది. ఆవిడ గేరు తప్పు వేసిందేమోనని చూసుకుంది, క్లచ్ చూసుకుంది, తన చెప్పు చూసుకుంది. నన్ను అనుమానించలేదు. తనను తాను అనుమానించుకుంది.

సాయంత్రం ఆయన, “ఏదీ, నేను చూస్తాను,” అని ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో తిప్పాడు. ఐలాండు దగ్గర ఆపాడు. నేను ఆగలేదు. ఎందుకంటే ఆయన ఎడమచెయ్యి గేరు మీంచి లేచి, అలవాటుగా స్టీరింగు పక్కకి వెళ్ళి, ఆ నల్ల నాబ్‌ను వేలెడు లాగింది. లాగితే ఇంజను వేగం కాస్త పెరుగుతుంది, స్క్రూ ఎంత వదులుగా ఉన్నా నిలబడుతుంది. ఆవిడ రోడ్డు వైపు చూస్తోంది. “చూశావా,” అన్నాడు ఆయన.

అప్పుడు అర్థమైంది నాకు. నన్ను పాడుచేసి ఉంటే బాధపడేదాన్ని కాదు. పాత బండిని, పాడవడం నాకు కొత్త కాదు. కానీ ఆయన నన్ను పాడుచెయ్యలేదు. నా చేత ఆవిడకి అబద్ధం చెప్పించాడు. నన్ను నమ్ముకున్న మనిషిని నడిరోడ్డు మీద నిలబెట్టే పని నాకు అప్పజెప్పాడు. అది కూడా, అయిదేళ్ళుగా నన్ను తుడిచిన ఆ చేత్తోనే. నాకు నోరు లేదు. ఉన్న ఒక్క గొంతునీ ఆయనే నొక్కేశాడు.

హైమావతి గారు ఊరుకోలేదు. ఒక పెద్ద గ్యారేజీకి తీసుకెళ్ళింది. ఆయన కూడా వచ్చాడు. తెల్ల చొక్కాల కుర్రాళ్ళు ప్లగ్గులు మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు. ఈ కాలం బండ్లకయితే కంప్యూటరు పెడితే చెప్పేస్తుందని, నాకు పెట్టడానికి చోటే లేదని నవ్వుకున్నారు. ఆయనే నడిపి చూపించాడు. “నాకైతే బాగానే ఉందయ్యా,” అన్నాడు. వాళ్ళు ఆవిడ వైపు చూసి, “లేడీస్‌కి క్లచ్ కంట్రోల్ కొంచెం కష్టం మేడం,” అన్నారు. ఆవిడ బిల్లు కట్టి తాళాలు తీసుకుంది.

ఆ తర్వాతే రైలు గేటు దగ్గర లారీ అతని మాట, ఇంట్లో వాదన, అచ్చాయమ్మ గారి చిక్కుడుకాయలు.

ఆ సాయంత్రమే ఆయన ఒక కాగితం రాసి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. వ్యక్తిగత కారణాల వల్ల ప్రమోషను స్వీకరించలేకపోతున్నానని. ఆఫీసు దస్తూరీ, ముత్యాల్లాంటి అక్షరాలు. “సంతకం పెడితే చాలు. సోమవారం ఆఖరి రోజు. నీ మంచికే చెబుతున్నాను హైమా, రోజూ ఇరవయ్యారు కిలోమీటర్లు, దారిలో ఎక్కడైనా ఆగిపోతే?”

ఆవిడ ఆ కాగితాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

శనివారం ఆయన ఎవరిదో రిటైర్మెంటు సన్మానానికి పొద్దున్నే రైల్లో ఏలూరు వెళ్ళాడు. ఆవిడ తాళాలు తీసుకుంది. నల్లజర్ల రోడ్డులో యేసుపాదం షెడ్డు ఉంది. నన్ను నిడదవోలు కాలం నుంచీ ఎరిగిన మెకానిక్కు, అరవై ఏళ్ళ మనిషి. అక్కడికి వెళ్ళేలోపు నేను పదకొండుసార్లు ఆగాను. ప్రతిసారీ ఆవిడ తాళం తిప్పుతూ ఎన్నోసారో పైకి లెక్కపెట్టింది, క్లాసులో ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు.

“నాకు నడపడం రాదేమో చెప్పు యేసుపాదం. రాకపోతే రాదని చెప్పు, పర్లేదు,” అంది దిగుతూనే.

“ముందు దీన్ని సెప్పనివ్వండమ్మగోరూ,” అని అతను బానెట్ ఎత్తాడు.

తొందరపడలేదు. ముందు నన్ను విన్నాడు, తల పక్కకి వంచి. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టాడు. రబ్బరు గొట్టాలన్నీ వేళ్ళతో నొక్కుకుంటూ వచ్చాడు, ఎక్కడైనా గాలి పీలుస్తోందేమోనని. కార్బరేటర్ మూతి మీద అరచెయ్యి అడ్డం పెట్టి తీశాడు. దాని అడుగునున్న పెట్రోలు గిన్నె విప్పి కడిగాడు. నలక లేదు.

“ప్లగ్గులు కొత్తయ్యే. గొట్టాలు బాగున్నాయండి. గాలీ పీల్సట్లేదు. దీనికి జబ్బేం లేదండి.”

“జబ్బు లేకపోతే ఎందుకాగుతోంది?”

అతను గుడ్డను పెట్రోల్లో తడిపి ఆ చిన్న స్క్రూ చుట్టూ జిడ్డు తుడిచాడు. జిడ్డు కింద ఎర్రటి రంగు బయటపడింది. రెండు చోట్ల.

“ఇది మీ గోళ్ళ రంగేనండి. గేపకం ఉందా?”

ఆవిడకి గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట అతను ఇంటికొచ్చి నన్ను సెట్ చేసినప్పుడు, గుర్తు పెట్టడానికి రంగేమైనా ఉందా అని అడిగాడు. ఆయన స్నానంలో ఉన్నాడు. ఆవిడ తన మెరూన్ నెయిల్‌పాలిష్ సీసా తెచ్చిచ్చింది. స్క్రూ తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి అతను సన్నటి గీత గీశాడు. సెట్ చేసిన ప్రతి బండికీ అలా గీత పెట్టడం అతని అలవాటు. గీత కలిసి ఉంటే ఎవరూ ముట్టుకోనట్టు.

ఇప్పుడు గీత ఇనుము మీద ఒకవైపుంది, స్క్రూ తల మీద ఇంకోవైపుంది.

“ఎవలో తిప్పేరండి,” అన్నాడు.

“గ్యారేజీవాళ్ళేమో.”

“ఆళ్ళ దగ్గరికి ఎల్లకముందే ఆగిందన్నారు కదండీ.”

ఆవిడ కాసేపు ఆ స్క్రూనే చూసింది. “మరి నాకొక్కదానికే ఎందుకాగుతుంది? మావారు నడిపితే ఆగట్లేదు.”

“స్క్రూకి ఆడా మగా తెలీదండి. ఎవలు తోలినా ఆగాల్సిందే.” కొంచెం ఆలోచించాడు. “సోకు లాగితే తప్ప.”

లోపలికి చెయ్యి పెట్టి, ఆ నల్ల నాబ్‌ను వేలెడు లాగాడు. వణుకుతున్న నేను నిలదొక్కుకున్నాను.

హైమావతి గారు ఆ నాబ్ వైపు చూసింది. అంతకన్నా ఏమీ జరగలేదు. కానీ నేను ఆవిడ ముఖం చూస్తున్నాను కదా. ఐలాండు దగ్గర, పెద్ద గ్యారేజీ ముందు, గేరు మీంచి లేచిన ఆ ఎడమచెయ్యి ఒక్కోసారే ఆవిడకి గుర్తు రావడం, ఎట్టి పరిస్థితిలోనూ లాగి నడపకు అన్న గొంతు గుర్తు రావడం, అన్నీ చూశాను. షెడ్డులో ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంటే దాని మీద కూర్చుంది. పనిముట్ల పెట్టె సర్దుతున్నట్టు యేసుపాదం అటు తిరిగాడు.

“తెలీక తిప్పేరేమోనండి,” అన్నాడు అటు తిరిగే.

“తెలిసే,” అంది ఆవిడ.

కాసేపటికి లేచింది. “అది లోపలికి నొక్కెయ్. స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు. ఎంత తిప్పాలి?”

“గీతలు కలిసేదాకా అండి.”

ఆవిడ వంగి తిప్పింది. పావు. అర. ముప్పావు. గీతలు కలిశాయి. నా ఊపిరి నాకు తిరిగొచ్చింది. ఆ షెడ్డులో నేను తప్ప ఇంకే చప్పుడూ లేదు.

“ముప్పావు చుట్టు,” అంది ఆవిడ తనలో తాను. “అంతే.”

యేసుపాదం పెట్టె అడుగున వెతికి ఒక చిన్న సీసా తీశాడు. ఆవిడదే, రెండేళ్ళుగా దాచి వాడుకుంటున్నాడు. రెండు చుక్కలు థిన్నరు పోసి ఆడించి ఇచ్చాడు. ఆవిడే పాత గీత మీద కొత్త గీత పెట్టింది.

వచ్చేటప్పుడు రైలు గేటు పడింది. గూడ్సు బండి. ఎన్ని పెట్టెలో. ఆవిడ న్యూట్రల్‌లో పెట్టి, పాదాలు రెండూ వెనక్కి తీసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను తిరుగుతూనే ఉన్నాను. గేటు లేచినా ఒక క్షణం ఆవిడ కదలలేదు.

సాయంత్రం ఆయన వచ్చాడు, దండా, మిఠాయిల డబ్బా పట్టుకుని. ఆవిడ కాఫీ ఇచ్చింది. సన్మానం బాగా జరిగిందా అని అడిగింది. కిటికీలోంచి నాకు వినబడింది. ఆవిడ గొంతులో తేడా ఏమీ లేదు. ఇరవయ్యారేళ్ళ కాపురం అలాంటి గొంతు నేర్పుతుంది కాబోలు.

ఆదివారం పొద్దున్న ఆయన మామూలుగానే బకెట్టుతో వచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది గానీ, ఆ చెయ్యి ఆనుకుంటే నాకు ఇంకా బాగానే ఉంది.

“ఉండండి,” అంటూ హైమావతి గారు గుమ్మంలోంచి వచ్చింది. వరండాలో అచ్చాయమ్మ గారు పేపరు చదివించుకుంటోంది, ప్రత్యూష చదువుతోంది. ఆవిడ నా తలుపు తీసి, సీటులో కూర్చోకుండానే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పింది. వేడెక్కేదాకా చోక్ లాగి ఉంచి, తర్వాత అందరూ చూస్తుండగా లోపలికి నొక్కేసింది. తలుపు అలాగే వదిలేసి రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. పుట్టిన రోజున తప్ప నన్నెవరూ అలా నిలబడి వినలేదు. నేను తిరుగుతున్నాను. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

“ఏంటమ్మా, బాగైపోయిందా?” అంది ప్రత్యూష పేపరు దించి.

త్రిమూర్తులు గారు వంగి, తెరిచిన తలుపులోంచి లోపలికి చూశాడు. సీటు వైపు కాదు, గేరు వైపు కాదు. తిన్నగా ఆ నల్ల నాబ్ వైపు. అది పూర్తిగా లోపలే ఉంది. ఆయన నడుము నిటారుగా చేసేసరికి ఆవిడ ఆయన్నే చూస్తోంది.

“అత్తయ్యా, మీరూ వినండి,” అంది ఆవిడ. గొంతు పెంచలేదు, నా చప్పుడు మీదుగా వినబడేంతే మాట్లాడింది. “రేపు పెదచింతపర్రులో జాయినవుతున్నాను. రోజూ బండి నేనే తీసుకెళ్తాను. మీరు రాసిన కాగితం మీ ఫైల్లో పెట్టేశానండీ. ఇకనుంచి దీని బానెట్ నేను తప్ప ఇంకెవరూ తెరవొద్దు.”

“అదేంటే అమ్మాయ్. మరి ఆయిలూ, నీళ్ళూ ఎవరు చూస్తారు?” అంది అచ్చాయమ్మ గారు.

“నేను చూసుకుంటాను అత్తయ్యా.”

అని ఆయన వైపు చెయ్యి చాపింది. ఆయన తడి చెయ్యి పంచె ముక్కకి తుడుచుకుని, జేబులోంచి టెస్టర్ తీసి ఆ చేతిలో పెట్టాడు.